కుక్కను మోసిన సారు

ఆ రోజుల్లో మా వీధిలో నిశ్శబ్దం అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. తెల్లవారగానే ఇరవై ఇళ్ళల్లో మగ్గాలు మొదలయ్యేవి, దీపాలు పెట్టే వేళకు ఆగేవి. కొత్తగా వచ్చిన చుట్టం మొదటి పూట చెవులు మూసుకునేవాడు, రెండో పూట గొంతు పెంచి మాట్లాడేవాడు, మూడో రోజుకు ఆ సంగతే మరిచిపోయేవాడు. అక్కడే పుట్టి పెరిగిన మాకైతే ఆ చప్పుడు వినపడేదే కాదు. చదివేవారు ఈ చిన్న విషయాన్ని కొంచెం గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోకపోవడం వల్లనే ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక బలిసిన కుక్కను మెడ మీద వేసుకుని, నల్లమల అడవిలో రెండు గంటలు నడవాల్సి వచ్చింది.

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. నా చిన్నప్పుడే నాన్న పోతే చిన్నాయన (మా నాన్న తమ్ముడు) మగ్గం మీద ఇంటిని నడిపాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దంత గుంటల కూసుంటి. పిల్లనిచ్చెటోళ్ళు ఒచ్చినా నడుము దాంకనే కనబడ్తి. కాళ్ళున్నయో లేవో అని ఎల్లిపోయిరి" అనేవాడు. నన్ను కూడా, కాళ్ళు నేలలోని గుంటలోకి దించి నేసే ఆ గుంట మగ్గంలో తన పక్కన కూచోబెట్టి పని నేర్పాలని చూశాడు. గద్వాల చీరలో పట్టు అంచును నూలు ఒడలికి కలిపే దగ్గర రెండో మనిషి చెయ్యి కావాలి. నేను చెయ్యి పెట్టిన చోటల్లా పోగు తెగేది. నా ఒళ్ళో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండటం కూడా అందుకు కొంత కారణం. "వీని చేతుల పుస్తకం చినుగదు, పోగు నిలువదు. ఏం జేద్దాం వదినే" అని చిన్నాయన అమ్మతో అనేవాడు. అందుకని నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ముగ్గురికి గొప్ప ఊరట కలిగింది. నాకు, చిన్నాయనకు, మగ్గానికి.

అమ్మకు కలగలేదు. చేరే ఉత్తర్వు రావడానికి ఇంకో ఆర్నెల్లు పడుతుందనీ, చోటు మాత్రం అమ్రాబాద్ అవతల అడవిలో ఉన్న చెంచు గూడెమేననీ ఆఫీసు గుమస్తా ముందే చెప్పాడు. అమ్మ తమ్ముడు, అంటే నా మేనమామ, ఒకప్పుడు ఆ అడవులకే వెదురు నరకడానికి పోయి గుడ్డెలుగు చేతిలో పడ్డాడు. ప్రాణంతో వచ్చాడు గానీ ఆ తర్వాత ఆయన నవ్వితే ముఖంలో ఒక పక్కే నవ్వేది. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నది, "నౌకరి లేకుంటే గంజి తాగి బతుకుతం. మొకం లేకుంటే ఎట్ల బతుకుతవ్ రా?" చిన్నాయన మధ్యలో పడి ఎంతో చెప్పాక చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. "ఒంటిగ పంప. మంచి కుక్కను ఎంట తోల్కపోవాలె. అది నీ మాట ఇని నీ ఎంట నడువాలె. నెల దినాలకు నేనొచ్చి సూస్త. నడువకుంటే నిన్ను తోల్కొచ్చి మర్ల గుంటల కూసోవెడ్త." ఆ గుంటలోకి తిరిగి రావడం నాకు గుడ్డెలుగు కంటే భయం. మగ్గానికి కూడా అంతే అయివుంటుంది.

కుక్కల గురించి నాకేమీ తెలియదు. తెలియని సంగతి ఎదురైతే నేను చేసే పని ఒకటే, లైబ్రరీకి పోవడం. అక్కడ అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. కొండల్లో, అడవుల్లో కాలినడకన తిరిగేవాళ్ళు ఏ జాతి కుక్కను ఎంచుకోవాలి, దానికి ఎట్లా నేర్పాలి అని అందులో రెండు అధ్యాయాలున్నాయి. ఆ దొరలు పనేమీ లేకుండా, ఊరికే సరదాకు అడవుల్లో నడిచేవాళ్ళు. ఆ మాట అమ్మకు చెబితే, "వద్దనేటందుకు ఇండ్లల్ల ఆడోళ్ళు లేరా వాండ్లకు?" అంది. మంచు కొండలకు ఒక జాతి, నీళ్ళున్న చోటికి లాబ్రడార్, అన్నిటికీ పనికొచ్చేది అల్సేషియన్ అని పుస్తకం తేల్చింది. జొన్నరొట్టె తినే జాతి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

వనపర్తిలో ఒక రిటైరైన ఇంజనీరు ఇంట్లో అల్సేషియన్ పిల్లలున్నాయని తెలిసి, ఉతికిన చొక్కా వేసుకుని పోయాను. ఆయన నన్ను వరండాలో కూచోబెట్టి, పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"ఇంట్ల ఎన్ని గదులు బాబూ?"

"ఒకటిన్నర సార్."

"ఆ అర ఏంది?"

"ఒక గదిల సగం మగ్గం ఉంటది సార్."

"దీనికి తిరిగే జాగ కావాలె. రోజూ మాంసం వెట్టాలె."

"మాకే పండుగలకు సార్."

ఆయన "నిజం చెప్పినవు, సంతోషం. పిల్లను మాత్రం ఇయ్య" అని చాయ్ ఇప్పించి పంపాడు. తల్లి కుక్క నన్ను గేటు దాకా సాగనంపింది. నేను నిజంగానే బయటపడ్డానని రూఢి చేసుకున్నాకే వెనక్కి తిరిగింది.

చివరికి చిన్నాయనే దారి చూపాడు. వడ్డేపల్లి దగ్గర మంద పెట్టుకున్న ఒక గొర్రెలకాపరి ఆయనకు ఎరుక. మందను సరిహద్దు అవతల కూడా మేపేవాడు గనుక మనుషులతో తెలుగు, కుక్కలతో కన్నడం మాట్లాడేవాడు. "బా, బా" అని పిలవగానే నాలుగు పిల్లలు ఉరికొచ్చాయి. ఐదోదాన్ని ఆయన గొంగడి కింది నుంచి తీశాడు. నేను పుస్తకంలోంచి రాసుకున్న చీటీ, అమ్మ కుట్టుపెట్టెలోని టేపు తీసి, ఒక్కొక్కదాని ఛాతీ కొలవడం మొదలుపెట్టాను. కాపరి నోట్లో బీడీ అట్లాగే ఉంచుకుని చూశాడు.

"ఏం జేస్తున్నవ్ సామీ, అంగి కుట్టిస్తవా వాటికి?"

ఆయనకూ ఒక పరీక్ష ఉంది. పిల్లను మెడ తోలు పట్టి పైకెత్తాలి. ఏడిస్తే మందకు పనికిరాదు, ఏడవకపోతే ధైర్యమున్నది. ఎత్తితే నాలుగూ ఊరు లేచేట్టు ఏడ్చాయి. ఐదోది, తెల్ల పాదాల నల్ల పిల్ల, తోరణంలాగా వేలాడింది గానీ కిక్కురుమనలేదు. "ఇదే!" అన్నాను. "జర ఆగు సామీ. కడుపు నిండ పాలు తాగి నిద్రవోయింది. లేసినంక మర్ల జూద్దం" అన్నాడు కాపరి. నేను అప్పటికే దాన్ని సంచిలో వేసుకున్నాను.

దానికి నేను టైగర్ అని పేరు పెట్టాను. ఆ పేరుతో దాన్ని నేను తప్ప ఎవరూ పిలవలేదు, నేను పిలిస్తే అది పలకలేదు. చిన్నాయన దాన్ని కండె అన్నాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే కొయ్యను నాడె అంటారు, ఆ నాడె లోపల పెట్టే నూలు చుట్ట కండె. గుంట గట్టు మీద ముడుచుకుని పడుకుంటే నిజంగానే అది కండెలాగా ఉండేది.

ఇక్కడ మా ఇంటి కట్టు ఒకటి చెప్పాలి. నేస్తుండగా మధ్యలో మగ్గం ఆగిందంటే పోగు తెగిందన్నమాట. తెగిన కొసలు పట్టుకోవడానికి వాకిట్లోంచి వచ్చే వెలుతురు కావాలి, ఎవరి నీడా అడ్డం పడకూడదు. అందుకని మగ్గం ఆగగానే ఎక్కడివాళ్ళు అక్కడ కూచోవాలి. అమ్మ చీపురు పట్టుకునే కూచునేది. చుట్టాలు కూచునేవాళ్ళు. ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి, దండం పెట్టిన చేతులు దించకుండానే గడప మీద కూచున్నాడు. పోగు అతికాక చిన్నాయన పక్కన గుడ్డలో కట్టుకున్న జొన్నరొట్టె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకునేవాడు. కండె వచ్చాక దానికీ ఒక ముక్క పెట్టేవాడు, "తిను బిడ్డా" అని. మళ్ళీ మగ్గం మొదలయ్యేది, అందరం లేచి మా పనుల్లో పడేవాళ్ళం.

నా పాఠాలన్నీ ఆ గదిలోనే. మాటలు పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. కూచోవడానికి "సిట్", నడవడానికి "వాక్". పుస్తకం మూడు నెలలు ఓపిక పట్టమన్నది. మా కండె నెలన్నరకే "సిట్" అంటే కూచుంది, "వాక్" అంటే నా ఎడమకాలి పక్కన కొలిచినట్టు నడిచింది. వాడకట్టు వాళ్ళంతా వచ్చి చూశారు. పక్కింటి పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఏందమ్మా గిది, కుక్కకు ఇంగ్లీషు సమజైతున్నది. మావోడు ఎనిమిదేండ్లు సదివినా ఒక్క ముక్క రాలే." అమ్మ ఆ పూట కండెకు నెయ్యి రాసిన రొట్టె పెట్టింది. నేను అద్దంలో చూసుకున్నాను. మంచి టీచరు ముఖమే అనిపించింది. చిన్నాయన చీరల నుంచి మిగిలిన పడుగు పోగులు పేని ఒక తాడు చేసిచ్చాడు. అడవిలో నడిచేటప్పుడు తాడు చేత్తో పట్టుకోకూడదు, నడుముకు కట్టుకోవాలని పుస్తకం చెప్పింది. కట్టుకున్నాను.

ఉత్తర్వు వచ్చేనాటికి కండె నా నడుము దాకా పెరిగింది. ఎర్రబస్సులో వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా అమ్రాబాద్‌కు ప్రయాణం. కండక్టరు మొదట గొడవపడ్డాడు, తర్వాత దాని తీరు చూసి మెత్తబడ్డాడు. బస్సు నడుస్తున్నంతసేపు కండె నిలబడి కిటికీలోంచి చూసేది, స్టేజీలో ఆగగానే కూచునేది. "శాన బుద్ధిమంతురాలు సారూ. మా పాసింజర్లు స్టేజి రాకముందే లేస్తరు, ఇది స్టేజి రాంగనే కూసుంటున్నది" అన్నాడు. అంతా నా ట్రెయినింగే అని చెప్పాను.

అమ్రాబాద్‌లో హోటలాయన చాయ్ పోస్తూ కుక్కను ఎగాదిగా చూశాడు.

"కొత్త సారువా? ఈ కుక్క ఏంది?"

"అడవిల కాపలకు."

"అడివిల చిరుతలున్నయ్ సారూ. చిరుతకు కుక్క అంటే మనకు బిర్యాని లెక్క. నువ్వు కాపలకు తెచ్చినవో, టిఫిన్ తెచ్చినవో?"

పుస్తకంలో ఈ సంగతి లేదు. ఆ దొరల దేశంలో చిరుతలు ఉండవు కాబోలు.

నన్ను తీసుకుపోవడానికి గూడెం పెద్ద, అందరూ తాతా అని పిలిచే ముసలాయన, తన రెండు బక్క కుక్కలతో వచ్చి ఉన్నాడు. బయల్దేరాం. బజారులో కండె నడిచిన నడక ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. జనం పక్కకు తప్పుకుని చూశారు. ఊరి చివర పిండి గిర్ని దాటాం. అక్కడి నుంచి వంద అడుగులు పోయామో లేదో, కండె దారి మధ్యలో కూచుంది. "వాక్" అన్నాను. గట్టిగా అన్నాను. బతిమాలుతూ అన్నాను. తెలుగులో అన్నాను. తాడు పట్టి లాగితే నా నడుము నొప్పి పుట్టింది తప్ప అది కదల్లేదు. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు నా ముఖంలోకే చూస్తోంది. (రొట్టె కోసమని నాకు తర్వాత తెలిసింది.) వెనక హోటలు ముందు జనం పోగవుతున్నారు. ఇంక దారి లేక దాన్ని ఎత్తి, గొర్రెపిల్లను వేసుకున్నట్టు మెడ మీద వేసుకున్నాను. అది హాయిగా సర్దుకుంది. 

తాత కొంతదూరం నా పక్కనే నడిచాడు. తర్వాత మర్యాదగానే అడిగాడు, "సారూ, కుక్క నీకు కాపలనా, నువ్వు కుక్కకు కాపలనా?"

"దీనికి ఆర్నెల్లు నేర్పిన తాతా."

"గదే తప్పైంది. మేం కుక్కకు ఏం నేర్పం. అది ముంగట పోతది, మేం ఎనక పోతం."

దారి పొడుగునా ఆయన నాకు అడవి సంగతులు చెప్పాడు. "గుడ్డెలుగుకు సూపు తక్కువ. సప్పుడు జేసుకుంట పో, అదే తప్పుకుంటది. సప్పుడు లేకుంట మీదికి పోయినవనుకో, బుగులు పడి అది నీ మీదికొస్తది. అప్పుడు ఉరుకొద్దు. నీ ముందటి సారు గుడ్డెలుగును సూసి ఉరికిండు. ఆయనకంటె ముందటాయన గుడ్డెలుగు అని పేరు ఇనే ఉరికిండు. నువ్వెట్లనో మరి." చెమటతో నా కళ్ళద్దాలు జారిపోతున్నాయి. చేతులు ఖాళీ లేవు. ఆయనే పైకి తోశాడు.

ఆ విధంగా నేను నా మొదటి బడికి చేరాను. ఆ వారం బడికి వచ్చింది ముగ్గురు పిల్లలు, వాళ్ళూ కుక్కను చూడ్డానికే వచ్చారు. ఆడవాళ్ళు చాటున నిలబడి "కుక్కను మోసిన సారు" అని ఒకరికొకరు చూపించుకున్నారు. మిగతావాళ్ళు పిల్లలను ఎందుకు పంపడం లేదని తాతను అడిగితే, "నిలబడే సారైతే పంపుతరు. మోసేటోడు ఎన్ని దినాలు మోస్తడు అనుకుంటున్నరు" అన్నాడు. కండె పొద్దంతా బడి ముందు కూచునే ఉండేది. పొద్దున ఆడవాళ్ళు రోళ్ళల్లో దంచుతున్నప్పుడు మాత్రం లేచి, గూడెమంతా తిరిగి వచ్చేది. శనివారం మళ్ళీ దాన్ని మోసుకుంటూ అమ్రాబాద్ వచ్చాను. గిర్ని దగ్గర దించగానే ఏమీ ఎరగనట్టు నా పక్కన నడిచింది. నలుగురిలో నా పరువు తీయడానికే ఇట్లా చేస్తోందని నాకు నమ్మకం కలిగింది. నెలలో మూడు వారాలే మిగిలాయి.

గద్వాలలో మా వీధి మలుపు తిరగగానే కండె తోక ఎత్తి, నా ఎడమకాలి పక్కన కవాతు చేస్తున్నట్టు నడిచింది. వాకిట్లో అమ్మ ముఖం వెలిగిపోయింది. "గిట్లనే నడుస్తున్నదా కొడుకా అడివిల?" అని అడిగింది. "ఆఁ" అన్నాను. తర్వాత మగ్గం గదిలోకి పోయి, తలుపు చేరవేసి, చిన్నాయనకు ఉన్నదంతా చెప్పాను. ఆయన నేస్తూనే విన్నాడు.

"బస్సుల బాగానే ఉన్నదంటివి?"

"నడిచినంతసేపు నిలబడ్డది. ఆగినప్పుడు కూసున్నది."

"అమ్రాబాద్‌ల?"

"గిర్ని దాటినంక కూసున్నది."

"గూడెంల అసలు లేవనే లేదా?"

"రోళ్ళల్ల దంచేటప్పుడు లేసి తిరుగుతది. ఎందుకో తెల్వదు."

చిన్నాయన మగ్గం ఆపాడు. గదిలో తిరుగుతున్న కండె కూచుంది. ఆయన దాన్ని చూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. కండె లేచింది. ఆపాడు. కూచుంది. ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి. అప్పుడు చూసుకుంటే నేను కూడా నేల మీద కూచుని ఉన్నాను. ఎప్పుడు కూచున్నానో నాకు తెలియదు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. కండె, నేను ఇద్దరం లేచాం. ఆపాడు. ఇద్దరం కూచున్నాం. ఇంక ఆయన ఆపుకోలేకపోయాడు. గుంటలో ఒరిగిపోయి, మగ్గం కర్రను పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"ఓరి పిచ్చోడా, అది నీ ఇంగ్లీషు ఇన్లేదురా! నా మగ్గం ఇన్నది! ఇద్దర్ని నేనే నేర్పిన!"

నేను "సిట్" అన్నదల్లా మగ్గం ఆగి, నేనూ కూచున్నప్పుడే. "వాక్" అన్నదల్లా మగ్గం మొదలై, నేనూ లేచినప్పుడే. మా వీధిలో పుట్టనివాడు ఎవడైనా మొదటి రోజే కనిపెట్టేవాడు. నాకు ఆ చప్పుడు వినపడితే కదా. అడవిలో ఉన్నంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగని ఆ కుక్క, లోకంలో మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయనుకుని, ఎవరి వెలుతురుకూ అడ్డం రాకుండా కుదురుగా కూచుంది.

చిన్నాయన గూట్లోంచి రెండు పాత నాడెలు తీశాడు. మా నాన్న తండ్రి చేతిలో అరిగి నున్నబడ్డవి. ఒకదానితో ఒకటి కొట్టాడు, టక, టక, మగ్గం నడిచిన లెక్కనే. కండె లేచింది. "ఇగో, మగ్గం నీ ఎంటనే పట్కపో" అన్నాడు.

ఆ సోమవారం నేను నాడెలు కొట్టుకుంటూ అమ్రాబాద్ బజారు దాటాను. గిర్ని దాటాను. వంద అడుగులు దాటాను. కండె ఆగలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు గానీ, హోటలాయన చాయ్ గ్లాసు నిండి పొర్లిపోయిందని నా నమ్మకం. అట్లా గంటన్నర నడిచాక, ఎండిన వాగు దగ్గర అద్దాలు తుడుచుకోవడానికి ఆగాను. నాడెలు ఆగాయి. కండె కూచుంది. అద్దాలు లేకపోతే నాకు పది అడుగుల అవతల అంతా పొగమంచే. వాగు అవతల ఎవరో నల్ల గొంగడి కప్పుకున్న మనిషి వంగి పుట్ట దగ్గర ఏదో ఏరుకుంటున్నాడు.

"అన్నా, గూడెం దారి గిదేనా?" అని అడిగాను.

ఆయన లేచి నిలబడ్డాడు. లేవడం అయిపోయిందనుకున్నాక ఇంకా లేచాడు. నేను అద్దాలు పెట్టుకున్నాను. పెట్టుకోకపోయినా బాగుండేది.

ఉరకొద్దని తాత చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండగానే వెనక్కి తిరిగి ఉరికాను. రెండు అడుగుల్లో నడుముకున్న తాడు బిగుసుకుంది. ఆ చివర కండె రాయిలాగా కూచుని ఉంది. మగ్గం మొదలుకాందే అది లేవదు. పడుగు పోగులతో పేనిన తాడు తెగదు. నేను వెల్లకిలా వచ్చి దాని పక్కన పడి, లేచి కూచున్నాను. గుడ్డెలుగు వాగు అవతల నిలబడి, కుదురుగా కూచున్న మా ఇద్దరినీ చూసింది. మేనమామ నవ్వు గుర్తొచ్చింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆ చేతుల్లో నాడెలున్నాయి.

టక, టక, టక, టక.

కండె లేచింది. నడవమంటే ముందుకు నడవడమే దానికి తెలుసు, ముందు ఏమున్నదో చూసుకోవడం మగ్గం నడిపేవాడి పని. అది సూటిగా, ఛాతీ విరుచుకుని (ముప్పై అంగుళాలు, నేనే కొలిచాను) వాగులోకి దిగింది. దాని వెనక తాడు, తాడు వెనక నేను. ఆగాలంటే చప్పుడు ఆపాలి. ఆపడం నా చేతుల్లో లేదు, చేతులు నా మాట వినడం లేదు. ఎంత దగ్గరికి పోతే అంత వణికాయి, ఎంత వణికితే అంత వేగంగా కండె నడిచింది. గుడ్డెలుగు తన జీవితంలో ఇట్లాంటిది చూసి ఉండదు. ఒక్కసారి గుర్రుమని, నాలుగు కాళ్ళ మీదికి దిగి, వెనుదిరిగి, పొదలు విరుచుకుంటూ గుట్ట పైకి పారిపోయింది. అది పోయిన తర్వాత కూడా నా చేతులు ఆగలేదు గనుక మేము కూడా ఆగలేదు. మిగిలిన దారి ఎప్పుడూ లేనంత త్వరగా గడిచింది.

ఎదురు గుట్ట వాలులో గడ్డలు తవ్వుకుంటున్న తాత, ఇంకో నలుగురు ఇదంతా పైనుంచి చూశారు. నేను గూడెం చేరేసరికి వాళ్ళూ దిగి వచ్చారు.

"సారూ, గుడ్డెలుగు మీదికే నడుచుకుంట పోయినవా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. నాడెలతో పాటు పళ్ళు కూడా టకటకలాడుతుండటంతో మాట రాలేదు. అది కోపం అనుకుని తాత రెండడుగులు వెనక్కి వేశాడు.

మర్నాడు పొద్దున బడి నిండింది. పిల్లలను తల్లులే చెయ్యి పట్టుకుని తెచ్చారు. నాడెలు కొడితే లేచేవాళ్ళు, ఆపితే కూచునేవాళ్ళు. నేనేమీ నేర్పలేదు, కండెను చూసి నేర్చుకున్నారు. నెల దినాలకు అమ్మ అన్నట్టే వచ్చింది. గిర్ని దగ్గర నా చేతిలోంచి నాడెలు తీసుకుని, "ఇటియ్యి, నువ్వు లెక్క తప్పుతున్నవ్" అని, గూడెం దాకా తనే కొట్టుకుంటూ నడిచింది. తాత ఆమెకు గుడ్డెలుగు కథ చెప్పాడు. అప్పటికి అందులో రెండు గుడ్డెలుగులు చేరాయి. అమ్మ అంతా విని, నా గడ్డం పట్టుకుని ముఖం ఈ పక్కా ఆ పక్కా తిప్పి చూసింది.

"మొకం ఉన్నది. నౌకరి జేసుకో."

ఆ గూడెంలో పదకొండేళ్ళున్నాను. కండె తొమ్మిదేళ్ళు నాతో ఉంది. దాన్ని బడి వెనకే పూడ్చిపెట్టాం. ఆ రోజు నాడెలు కొట్టలేదు. పిల్లలు పొద్దంతా కూచునే ఉన్నారు.

గుడ్డెలుగు సంగతి నిజం చెప్పింది చిన్నాయన ఒక్కడికే. ధైర్యం కాదు, భయంతో చేతులు వణికితే నాడెలు మోగాయని చెప్పాను. ఈసారి నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "వణికితే ఏమాయె? సప్పుడు ఆగలే గదా" అన్నాడు.

పోయిన చలికాలంలో ఆయన మంచం పట్టాడు. మగ్గం గుంట పూడ్చి చాలా ఏళ్ళయింది. వీధిలో కూడా ఇప్పుడు రెండో మూడో ఇళ్ళల్లో తప్ప చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా వినపడుతుంది. ఆయన చేతులు వణికేవి, గ్లాసు పట్టుకోనిచ్చేవి కావు. ఆ సంగతికి ఆయన సిగ్గుపడేవాడు. ఒక రోజు పొద్దున, ఆయనకు ఏం తోస్తుందో చూద్దామని, పాత నాడెలు తెచ్చి చెరొక చేతిలో పెట్టాను. అవి వాటంతట అవే మోగాయి. టక, టక, టక. అరవైకి చేరువైనవాణ్ణి, మోకాళ్ళు పట్టేసినవాణ్ణి, కుర్చీలోంచి లేచాను. తలుపు దాకా నడిచాను. వెనక్కి తిరిగి మంచం దాకా నడిచాను. ఆయన కళ్ళల్లో ఆ పాత నవ్వు మెల్లగా వచ్చింది. రెండు చేతులూ కష్టంగా దుప్పటి మీద అదిమి పెట్టి చప్పుడు ఆపాడు. నేను కూచున్నాను. పక్కన పళ్ళెంలో పాలల్లో నానబెట్టిన రొట్టె ఉంది. వణికే వేళ్ళతో చాలాసేపు తంటాలు పడి, ఒక ముక్క తుంచి నా వైపు చాచాడు.

"తిను బిడ్డా" అన్నాడు.

తిన్నాను.